ఓటు పెట్టె ఎక్కడ పెట్టారు? గుంటూరు జిల్లా పాత ఎన్నికల్లో మన లెక్క



పోస్టు కొంచెం పెద్దది. ఓపికగా చివరిదాకా చదవమని మనవి.

మా అవ్వ ఏ ఎన్నికలోనూ ఓటు మానలేదు. కానీ ఒక మాట మాత్రం ఎప్పుడూ అంటది: "ఓటంటే భయం లేదురా, ఆ చావడి మెట్టెక్కాలంటేనే కాళ్లాడవు." ఆమె పెళ్లై వచ్చిన కొత్తలో మా ఊళ్లో ఓట్లు చావడిలోనే వేసేవాళ్లంట. చావడంటే ఎందుకు భయం? వాళ్ల నాయన, అంటే మా ముత్తాత, వాళ్ల ఊళ్లో చావడి దగ్గరికే పోయి మునసబుకి హాజరు చెప్పుకునేవాడు. దొంగతనం ఏదో చేసి కాదు. ఎరుకల కులంలో పుట్టాడు, అంతే. ఏ రోజైనా పోకపోతే కేసు.

చిన్నప్పుడు ఇది విని నవ్వేవాణ్ణి. డిగ్రీలో చరిత్ర చదవడం మొదలుపెట్టాక నవ్వు పోయింది. ఓటు హక్కు ఎప్పుడు వచ్చింది, ఎవరికి వచ్చింది అని మనకి పుస్తకాల్లో చెప్తారు. ఓటు పెట్టె ఎక్కడ పెట్టారు అని ఎవరూ చెప్పరు. కానీ మన లాంటి వాళ్ల విషయంలో ఆ "ఎక్కడ" అన్నదే అసలు ప్రశ్న. అందుకే మన గుంటూరు జిల్లా సంగతి తీసుకుని నాకు అర్థమైనంత రాస్తున్నా.

ముందు జిల్లా గురించి

గుంటూరు జిల్లా 1904 లో ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ఏటికి ఈ పక్కనున్న తాలూకాలు, నెల్లూరు నుంచి ఒంగోలు తాలూకా కలిపి చేశారు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కృష్ణ కాలవల కింద మాగాణి. నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, పల్నాడు వైపు మెట్ట. పత్తి, మిరప, జొన్న. ఇప్పటి ప్రకాశం జిల్లా అప్పట్లో లేదు, అది 1970 లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపితే వచ్చింది.

ఈ మైదానంలో మనవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. పల్నాడు, వినుకొండ వైపు తండాల్లో సుగాలీలు. సముద్రం పక్కన, కాలవల వెంట యానాదులు. నల్లమల అంచున చెంచులు. ఊరూరా శివార్లలో బుట్టలల్లే, పందులు మేపే ఎరుకలవాళ్లు. మనుషులం ఉన్నాం. కానీ ఓటర్ల లెక్కలో దాదాపు లేం.

శిస్తు కడితేనే ఓటు

1909 సంస్కరణల్లో మద్రాసు శాసనమండలికి జిల్లాల నుంచి మెంబర్లను ఎన్నుకునే పని జిల్లా బోర్డు, తాలూకా బోర్డు మెంబర్ల చేతిలో పెట్టారు. ఓటర్లంటే బోర్డులో కూర్చునే ఆ కొద్దిమంది పెద్దమనుషులే. కాబట్టి పోలింగు ఎక్కడ అన్న సమస్యే లేదు. కచేరీలో ఒక గది చాలు.

1919 చట్టం వచ్చాక మొదటిసారి ఊళ్లలో రైతులకి నేరుగా ఓటు వచ్చింది. 1920 నవంబరులో ఎన్నికలు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. జనాభా నాలుగు కోట్ల పైన. అంటే నూటికి ముగ్గురు. పల్లెల్లో ఓటు కావాలంటే ఏడాదికి పది రూపాయల శిస్తు పడే భూమి ఉండాలి. పట్టణంలో అయితే మున్సిపాలిటీ పన్ను కట్టాలి. ఇన్‌కమ్ ట్యాక్సు కట్టేవాళ్లకి, పట్టాళం నుంచి రిటైరైన వాళ్లకి కూడా ఇచ్చారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మాగాణికి ఎకరా శిస్తు ఎక్కువ, మెట్టకి తక్కువ. కాబట్టి తెనాలి దగ్గర కొద్ది ఎకరాలున్న రైతు కూడా పది రూపాయలు దాటతాడు. వినుకొండ మెట్టలో ఆ పది దాటాలంటే అంతకు ఎన్నో రెట్ల పొలం ఉండాలి. చట్టంలో రూల్ ఒకటే. కానీ నీళ్లున్న నేలకి ఓట్లెక్కువ, నీళ్లు లేని నేలకి ఓట్లు తక్కువ అయ్యాయి. ఇక పట్టాయే లేని మనవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఓటర్ల జాబితాకి ఆధారం కరణం దగ్గరుండే పట్టాదారుల లెక్క. ఆ పుస్తకంలో పేరు లేనోడు ఆ ఊళ్లో నూరేళ్లు బతికినా ఓటరు కాడు.

పెట్టె ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పారు

జిల్లాలో ఎన్నికల బాధ్యత కలెక్టరుది. పని జరిగేది ఆయన కింది అధికారుల ద్వారా, ముఖ్యంగా తాశీల్దార్ల ద్వారా. ఏ ఊళ్లు కలిపి ఏ కేంద్రం కిందికి రావాలో వాళ్లే తేల్చేవాళ్లు. ఆ తర్వాత గెజిట్లో అచ్చు, ఊళ్లో దండోరా.

వాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే అందులో ఒక తర్కం ఉంది. ఓటర్లు ఎక్కువున్న ఊరు కావాలి. బండి పోయే దారి కావాలి. గట్టి కట్టడం ఉండాలి. పెట్టెకి కాపలా పెట్టగలగాలి, సాయంత్రానికి దాన్ని భద్రంగా తాలూకాకి చేర్చగలగాలి. ఇవన్నీ ఉన్న చోటేది? తాలూకా కచేరి, బోర్డు బడి, ఊరి చావడి. ఇవే కదా ప్రభుత్వానికి ఊళ్లో కనపడే కట్టడాలు.

ఇందులో పైకి కుట్ర ఏమీ కనపడదు. కలెక్టరు "ఎరుకలవాళ్లు రాకూడదు, సుగాలీలు రాకూడదు" అని ఎక్కడా రాయక్కర్లేదు. ఓటర్లు ఉన్న చోట పెట్టె పెట్టాడు. శిస్తు ఉన్న చోట ఓటర్లు ఉన్నారు. పట్టా ఉన్న చోట శిస్తు ఉంది. ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ పోతే పెట్టె చివరికి పెద్ద ఊళ్లో, పెద్దవాళ్ల వీధి చివర చావడిలో తేలింది. తండా దాకా, ఎరుకల గుడిసెల దాకా, చెంచు గూడెం దాకా రావాల్సిన అవసరమే దానికి పడలేదు.

అదే చావడికి మనవాళ్లు మాత్రం రోజూ పోతూనే ఉన్నారు. ఓటుకి కాదు, హాజరుకి.

ఒకే చావడి, రెండు పుస్తకాలు

నేరస్థ తెగల చట్టం మొదట 1871 లో ఉత్తరాదిలో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1911 చట్టంతో వచ్చింది. ఏ తెగనైనా సర్కారు "నేరస్థ తెగ" అని ప్రకటించొచ్చు. ప్రకటించాక మనుషుల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన టైముకి హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే తెలియజేయాలి. ఇంకా అనుమానం ఉన్నవాళ్లని సెటిల్‌మెంటుకి తోలతారు. మన జిల్లాలో స్టువర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. స్టువర్టుపురం 1913-14 ప్రాంతంలో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ మిషన్ వాళ్లు.

ఇప్పుడు రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే జిల్లా, ఒకే సర్కారు, అవే సంవత్సరాలు. ఒక పుస్తకంలో పట్టాదారుల పేర్లు రాశారు, "మీరు మమ్మల్ని ఎన్నుకోండి" అన్నారు. ఇంకో పుస్తకంలో మన పేర్లు రాశారు, "మీరు ఎక్కడికీ కదలొద్దు" అన్నారు. రెండింటిలోనూ పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. సర్కారుకి మన పేర్లు తెలియక ఓటర్ల జాబితాలో ఎక్కించలేదని ఎవరైనా అంటే నమ్మకండి. మన పేర్లు వాళ్లకి బాగా తెలుసు. వేలిముద్రలతో సహా తెలుసు.

చీరాలవాళ్లు గీత దాటారు, పక్కనే మనవాళ్లు దాటలేకపోయారు

ఈ విషయం చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

చీరాల-పేరాల ఉద్యమం మనందరం స్కూల్లో చదువుకున్నదే. చీరాల, పేరాల ఊళ్లని కలిపి మున్సిపాలిటీ చేశారు. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. మాకీ మున్సిపాలిటీ వద్దు అని జనం మొత్తుకున్నారు. ఎన్నికైన మెంబర్లు రాజీనామా చేశారు. అయినా సర్కారు వినలేదు. 1921 లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలేసి మున్సిపాలిటీ హద్దు బయట రామ్‌నగర్ కట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు గుడిసెల్లో ఉన్నారు. గొప్ప త్యాగం, అందులో అనుమానం లేదు. అందులో చేనేతవాళ్లు, పేదవాళ్లు ఎంతోమంది.

వాళ్లు ఏం చేశారు? హద్దు గీసింది మీరు, మేం ఆ హద్దు దాటతాం, అప్పుడు మీ మున్సిపాలిటీ ఎవరి మీద అన్నారు. ఆ రోజుల్లో గీత ఎక్కడుందో దాన్నిబట్టే పన్ను, దాన్నిబట్టే ఓటు.

స్టువర్టుపురం ఎక్కడుంది? బాపట్లకీ చీరాలకీ మధ్యలో. రైల్లో పోతే చీరాలకి కొంచెం ముందే వస్తది. 1921 లో అక్కడ కూడా జనం ఒక గీత లోపల ఉన్నారు. కానీ ఆ గీత దాటితే పేపర్లో పేరు రాదు, జైలు వస్తది. కొద్ది మైళ్ల దూరంలో ఒక ఊరు ఊరంతా హద్దు దాటి చరిత్రలోకెక్కింది. పక్క ఊరు అనుమతి చీటీ లేకుండా బజారుకి కూడా పోలేకపోయింది. మన పాఠాల్లో మొదటిది ఉంది. రెండోది లేదు.

పుల్లరి కట్టినోడికి ఓటు లేదు

అదే ఏడాది పల్నాడులో అడవి సత్యాగ్రహం. పశువుల్ని అడవిలో మేపితే పుల్లరి కట్టాలి. కట్టం అన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకి చనిపోయాడు.

ఓటు రూల్స్‌తో ఈ కథకి సంబంధం ఉంది. సర్కారు లెక్కలో శిస్తు కట్టినోడికి ఓటు. ఇన్‌కమ్ ట్యాక్సు కట్టినోడికి ఓటు. పుల్లరి కట్టినోడికి మాత్రం ఓటు లేదు. పుల్లరి కూడా సర్కారు ఖజానాకే పోతది కదా? పశువులే ఆస్తిగా బతికే సుగాలీ, అడవిని నమ్ముకున్న చెంచు, వీళ్లు కట్టిన డబ్బు డబ్బే కాలేదు. ఓటుకి లెక్కొచ్చే పన్ను ఒకటి, లెక్కరాని పన్ను ఒకటి. ఓటు లేనోడికి అడగడానికి కచేరి లేదు, పెట్టె లేదు. ఇంక మిగిలింది అడవిలో ఎదురు నిలబడటమే.

1937, పసుపుపచ్చ పెట్టె

1935 చట్టంతో ఓటు కొంచెం విస్తరించింది. శిస్తు పరిమితి తగ్గింది, చదువొచ్చినవాళ్లకి కూడా ఓటన్నారు. 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఓటర్లు మునుపటికన్నా నాలుగైదు రెట్లు పెరిగారు. చదవడం రానివాళ్ల కోసం రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపుపచ్చ పెట్టె. ఆ పార్టీకి 215 సీట్లలో 159 వచ్చాయి.

ఈ 215 సీట్లు ఎలా పంచారో చూస్తే మన స్థానం తెలుస్తది. జనరల్ సీట్లలో 30 షెడ్యూల్డు కులాలకి. ముస్లింలకి 28. భారతీయ క్రైస్తవులకి 8. జమీందార్ల లాంటి భూస్వాములకి 6. వాణిజ్యానికి 6. యూరోపియన్లకి 3. వెనుకబడిన ప్రాంతాలు, తెగలు అన్న పేరు మీద మొత్తం ప్రెసిడెన్సీకి ఒక్క సీటు. ఆ ఒక్కటీ మన మైదానంలో లేదు. ఆదివాసీ అంటే ఏజెన్సీ కొండల్లోనే ఉంటాడని అనుకున్నారు. పత్తి చేలో, మిరప తోటలో కూలికి పోయే ఎరుకల, యానాది, సుగాలీ ఏ లెక్కలోకీ రాలేదు. ఈ మాట ఇప్పటికీ మన చెవిన పడుతూనే ఉంది కదా. "మీరు మైదానం వాళ్లు, మీరేం ట్రైబల్" అని.

ఇంకో సంగతి. ఫిబ్రవరి అంటే మన దగ్గర ఏ నెల? పత్తి తీతలు, మిరప కోతలు. ఆ నెలలో కూలోడు ఒక పూట పని వదిలి నాలుగు కోసులు నడిచి పోవాలంటే ఆ పూట కూలి పోయినట్టే. సొంత బండి ఉన్న రైతుకి దూరం దూరమే కాదు. దూరం ఎప్పుడూ పేదోడికే ఎక్కువ.

1952, మన పేరు ఎక్కింది

1947 లో మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని తీసేసింది. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31 న పోయింది. ఆ రోజునే మనం విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. మధ్యలో 1950 లో రాజ్యాంగం అమల్లోకొచ్చింది. 326 వ అధికరణం: వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు. పట్టా అడగలేదు, శిస్తు అడగలేదు, చదువు అడగలేదు. ఆస్ట్రేలియా లాంటి దేశంలో అక్కడి ఆదివాసులందరికీ జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు 1962 లో గానీ రాలేదు. మనకి మొదటి సాధారణ ఎన్నికల్లోనే వచ్చింది. ఇది ఎవరో జాలితో ఇచ్చింది కాదు, అంబేద్కర్ గారి లాంటి వాళ్లు పట్టుబట్టి రాయించింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ ఎన్నికలు 1952 జనవరిలో జరిగాయి. దేశంలో పదిహేడు కోట్లకు పైగా ఓటర్లు, లక్షా ముప్పై వేలకు పైగా పోలింగు కేంద్రాలు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాంగ్రెస్‌కి కాడెద్దులు, కమ్యూనిస్టులకి కంకి కొడవలి. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందు ఇప్పుడు కొత్త ప్రశ్న ఉంది. పాత కలెక్టరు "ఓటరు ఉన్న చోట పెట్టె" అన్నాడు, ఓటర్లు కొద్దిమంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మనిషి ఉన్న చోటల్లా ఓటరు ఉన్నాడు. కాబట్టి పెట్టె కూడా మనిషి దగ్గరికి రావాలి.

చట్టం మారింది. కట్టడాలు మాత్రం ఒక్కరోజులో మారవు కదా. ఊళ్లో గట్టి కట్టడం అంటే మళ్లీ అదే బడి, అదే చావడి. మా అవ్వ చెప్పే భయం అక్కడిది. వాళ్ల నాయన తల వంచుకుని నిలబడిన మెట్టు మీదే ఆమె మొదటిసారి వేలికి సిరా పెట్టించుకుంది. "మా నాయన వేలు కూడా సిరాలో ముంచారు, నా వేలు కూడా ముంచారు. ఆయన్ది దొంగ అని రాసుకోడానికి. నాది మనిషి అని రాసుకోడానికి." ఇది ఆమె మాటే. నేను కల్పించింది కాదు.

ఇప్పుడు మనం చేయాల్సింది

ఇదంతా పాత కథ అనుకోవద్దు. పోలింగు కేంద్రం ఎక్కడ ఉండాలి అన్నది ఇప్పటికీ కాగితం మీద తేలే విషయమే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25 వ సెక్షన్ ప్రకారం జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరే, ఎన్నికల కమిషన్ అనుమతితో కేంద్రాలు ఏర్పాటు చేసి జాబితా ప్రకటించాలి. మామూలుగా ఓటరు రెండు కిలోమీటర్ల కన్నా ఎక్కువ నడవాల్సిన పని ఉండకూడదని కమిషన్ నియమం. పోలీసు స్టేషన్లో, ఆస్పత్రిలో, గుడిలో కేంద్రం పెట్టకూడదు. పోలీసు స్టేషన్లో పెట్టకూడదు అన్న మాట చదివినప్పుడు నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. అభ్యర్థులు ఓటర్లని తమ బండ్లలో తోలుకుపోవడం కూడా నేరం. అంటే దూరం అన్నది ఓటుని కొనే సాధనం అవుతుందని చట్టానికి కూడా తెలుసు.

కేంద్రాల జాబితా ఖరారు చేసేముందు ముసాయిదా పెడతారు. అభ్యంతరాలు తీసుకుంటారు. ఆ జాబితా చూసేది ఎవరు? పార్టీలోళ్లు. మన తండా నుంచి, మన కాలనీ నుంచి పోయి చూసేవాళ్లు ఎంతమంది? నాకు పద్దెనిమిది నిండి మొదటి ఓటు వేసేదాకా అలాంటి జాబితా ఒకటి ఉంటదని కూడా తెలీదు. మా నాన్నకి అసలే తెలీదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. కాబట్టి ఆ కాగితం చదివే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నా.

గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మూడు పనులు చెప్తున్నా, తప్పుగా అనుకోవద్దు. ఒకటి, ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఓట్లు ఏ కేంద్రంలో ఉన్నాయో, అది మీ గూడెం నుంచి ఎంత దూరమో కనుక్కోండి. మధ్యలో వాగు, హైవే ఏదైనా ఉంటే రాసుకోండి. రెండు, ముసాయిదా పెట్టినప్పుడు బీఎల్‌ఓ దగ్గరో, తాశీల్దారు ఆఫీసులోనో చూసి, ఇబ్బంది ఉంటే పదిమంది సంతకాలతో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. మూడు, మిరప కోతలకి వేరే జిల్లాకి పోయిన మనవాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఫారం 6.

ఒకప్పుడు మన పేర్లు రాసుకోడానికి సర్కారు మన గుడిసెల దాకా వచ్చింది. ఓటు పెట్టె కూడా అంత దగ్గరికి రావాలని అడగడం తప్పు కాదు.

అవ్వకి ఇప్పుడు మోకాళ్లు సహకరించట్లా. పోయిన ఎన్నికల్లో బడిలో కేంద్రం పెట్టారు, నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లా. లోపలికి పోయి వచ్చి, వేలు చూసుకుని, "చావడి కన్నా బడి నయంరా" అంది. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి జ్ఞాపకాలు ఉండే ఉంటాయి. ఓటు కోసం ఎంత దూరం నడిచారు, ఎక్కడ వేశారు, ఎవరు ఆపారు. మీ తాతల్ని, అవ్వల్ని అడిగి కింద రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.